అర్ధచంద్ర ఎడ్జర్ రివ్యూ: లాన్ అంచు కోయడానికి ఇదే సరైనది, కానీ ఏడాదికి రెండుసార్లే

పచ్చిక ఎంత దట్టంగా పెరిగినా, నడకబాటను తాకే చోట అంచు చెదిరి ఉంటే తోటలో పని సగంలో ఆగినట్టే కనిపిస్తుంది. ఆ అంచును కొత్తగా కోసి నిలబెట్టడానికి చేతి పనిముట్లలో అర్ధచంద్ర ఎడ్జర్‌కు సాటి లేదు. నిలువు పిడి, దాని కింద అర్ధచంద్రాకారపు ఉక్కు బ్లేడు, బ్లేడు పైఅంచున కాలు మోపడానికి ఒక మడత, అంతే. మోటారు లేదు, చెడిపోయే భాగాలు దాదాపు లేవు. అయితే దీన్ని కొన్నవాళ్లు చాలామంది తప్పు పనికి వాడుతున్నారు. ఇది అంచును కోసే పనిముట్టు. ప్రతివారం సవరించడానికి కాదు. ఆ పనికి పొడవు పిడి కత్తెర వేరే ఉంది. రెండింటిలో ఒకటే కొనగలిగితే, గీత చెరిగిపోయిన లాన్‌కు ఎడ్జర్, గీత ఇప్పటికే స్పష్టంగా ఉన్న లాన్‌కు కత్తెర తీసుకోవాలి.

ఎడ్జర్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు చూడాల్సింది బ్లేడు కాదు, బ్లేడూ పిడీ కలిసే అతుకు. పనిలో దాని మీద మనిషి బరువు పడుతుంది, పైగా అటూ ఇటూ ఊపుతూ దించుతాం కాబట్టి ఒత్తిడంతా అక్కడికే వెళ్తుంది. పిడి కనీసం 10 సెంటీమీటర్లు లోపలికి దిగే గట్టి గొట్టం, దానికి అడ్డంగా రివెట్ ఉన్నవి ఏళ్ల తరబడి నిలుస్తాయి. రేకును చుట్టి ఒక్క స్క్రూతో సరిపెట్టినవి, గొట్టాన్ని బ్లేడుకు నాలుగు చుక్కల వెల్డింగ్‌తో అంటించినవి గట్టి నేలలో ముందు అక్కడే విడిపోతాయి. పరీక్ష సులువే. బ్లేడును రెండు బూట్ల మధ్య నొక్కిపట్టి పిడిని మెలితిప్పండి. కాస్త కదిలినా, కిర్రుమన్నా దాన్ని అక్కడే వదిలేయండి.

తర్వాత కాలు మోపే మడత. ఇది కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ వెడల్పు ఉండాలి. మడత లేకుండా రేకు అంచు నేరుగా అరికాలికి తగిలే రకం పది మీటర్ల బాట పూర్తయ్యేలోపే పాదాన్ని నొప్పి పెడుతుంది. మందమైన అడుగున్న బూటు ఎలాగూ కావాలి. చెప్పులతో ఈ పని చేయకూడదు.

బ్లేడు వెడల్పు 20 నుంచి 23 సెంటీమీటర్లు ఉన్నది అన్నిటికీ పనికొస్తుంది. అంతకన్నా వెడల్పుదైతే వంపుల దగ్గర గీత కోణాలు కోణాలుగా విరుగుతుంది, తక్కువైతే తిన్నటి బాట వెంట పోట్లు ఎక్కువై గీత వంకర పోతుంది. మందం 2 మిల్లీమీటర్లకు తగ్గితే మట్టిలో ఒక రాయి తగిలినా బ్లేడు వంగుతుంది, వంగిన బ్లేడు మళ్లీ తిన్నగా కోయదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు బాధ లేదు, జిగురు మట్టి కూడా కాస్త తక్కువ అంటుకుంటుంది. కార్బన్ స్టీలును తుడిచి నూనె రాస్తూ ఉండాలి, కానీ ఆకురాయి దాని మీద చక్కగా పట్టుతుంది, పదును త్వరగా వస్తుంది. రాళ్లున్న నేలకు మా ఓటు కార్బన్ స్టీలుకే, ఎందుకంటే అక్కడ పదును పోవడం ఖాయం, తిరిగి పెట్టుకోవడం తేలిక కావాలి.

పిడి విషయంలో తిన్నటి కర్ర కన్నా పైన అడ్డపట్టు ఉన్నది మేలు. రెండు చేతులూ సమానంగా పట్టుకోవచ్చు కాబట్టి బ్లేడు నిలువుగా దిగుతోందో, పక్కకు వాలుతోందో చేతులకే తెలిసిపోతుంది. బ్లేడుతో కలిపి మొత్తం పొడవు 95 సెంటీమీటర్ల నుంచి 1.1 మీటర్ల మధ్య ఉంటుంది. నిటారుగా నిలబడి బ్లేడును నేలకు ఆనించినప్పుడు పట్టు నడుముకు కాస్త పైన రావాలి. పొడగరులు పొట్టి పిడితో ముందుకు వంగిపోతారు, దాంతో బ్లేడు కూడా వాలుతుంది, అంచు ఏటవాలు అవుతుంది.

దాదాపు ప్రతి కొత్త ఎడ్జర్‌దీ ఒకటే లోపం: మొద్దుగా వస్తుంది. చాలావాటికి కోసే అంచు మీద కూడా రంగు పూసి ఉంటుంది. అలాగే వాడి, పనిముట్టు బాగాలేదని పక్కన పడేసేవాళ్లు ఎక్కువ. పెట్టె తెరవగానే బ్లేడును కదలకుండా పట్టే వైస్‌లో బిగించి, 25 సెంటీమీటర్ల చదునైన ఆకురాయితో ఒకవైపు మాత్రమే 30 నుంచి 40 డిగ్రీల వాలు తీయాలి. ఆకురాయిని ముందుకే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. వెనక్కి రుద్దితే దాని పళ్లే అరిగిపోతాయి. అంచు పొడవునా సన్నని మెరుపు గీత కనిపించాక, రెండో వైపు ఆకురాయిని పూర్తిగా చదునుగా ఆనించి ఒకటి రెండుసార్లు తేలిగ్గా తోస్తే అక్కడ లేచిన నూగు పోతుంది. కూరగాయల కత్తిలా పలచగా నూరకండి. గులకరాయి తగలగానే అంత పలచని అంచు మడత పడుతుంది.

ఇక నేల. ఎడ్జర్ ఎంత మంచిదైనా నేలలో తేమ సరిగ్గా లేకపోతే పని చెడుతుంది. ఎండిన ఇసుక నేలలో కోసిన గోడ కోసినట్టే రాలిపోతుంది. తడి రేగడిలో బ్లేడుకు మట్టి పట్టుకుంటుంది, కోసిన గోడ పూసినట్టు నున్నగా మూసుకుపోయి ఎండాక పగుళ్లిస్తుంది. ముందు రోజు బాగా తడిపి, మర్నాడు పిడికిట్లో నొక్కిన మట్టి ముద్దగా నిలిచి, వేలితో తడితే విడిపోయే స్థితిలో కోయాలి. గడ్డిని ముందే మామూలు ఎత్తుకు కోసి ఉంచాలి, లేకపోతే గీత కనపడదు. గడ్డి ఎదుగుదల ఊపందుకునే కాలం మొదట్లో కోస్తే అంచు త్వరగా చిక్కబడుతుంది. ఎండలు ముదిరి గడ్డి వాడుముఖంలో ఉన్నప్పుడు కోస్తే తెగిన వైపు నుంచి తేమ పోయి అంచంతా గోధుమ రంగుకు తిరుగుతుంది.

బ్లేడు దించే ముందు అంచు వెంట ఏం పూడ్చి ఉందో చూడండి. డ్రిప్ గొట్టాలు, స్ప్రింక్లర్ తలలు, బాట దీపాలకు వేసిన తీగలు ఎక్కువగా ఈ అంచు కిందే, చాలా తక్కువ లోతులో ఉంటాయి. అనుమానం ఉన్న చోట చేతి తాపీతో మట్టి తీసి చూడటం ఉత్తమం.

తిన్నటి గీతకు రెండు మేకులు, మధ్య బిగుతుగా లాగిన పురికొస చాలు. పురికొస నేలకు ఒక వేలు పైన ఉండాలి. గడ్డిని తాకితే వంగిపోతుంది. దాని పక్కనే ఒక తిన్నటి చెక్క పలక వేసి దాని మీద నిలబడితే బరువు సమంగా పంచుకుని అంచు కుంగదు, పలక అంచే బ్లేడుకు దారి చూపుతుంది. వంపులకు తోట గొట్టాన్ని పరిచి గుర్తు పెట్టుకోవచ్చు. కాసేపు ఎండలో ఉంచితే గొట్టం మెత్తబడి మెలికలు లేకుండా వంగుతుంది. వంపు నచ్చాక గొట్టం వెంట ఇసుకో సున్నమో చల్లి గొట్టం తీసేయాలి. గొట్టాన్ని ఉంచి దాని పక్కనే కోస్తే, ఏదో ఒక పోటుకు అది జరిగి గీత తప్పుతుంది.

కోత అసలు మెళకువ ఒత్తిడిలో లేదు, ఊపులో ఉంది. బ్లేడును గీత మీద నిలువుగా పెట్టి, పాదం మధ్య భాగాన్ని మడత మీద మోపి, పిడిని ఎడమకూ కుడికీ మెల్లగా ఊపాలి. బ్లేడు వంపుగా ఉండేది ఇందుకే: ఊపినకొద్దీ అది గడ్డి తీగల్ని ఒక చివర నుంచి కోసుకుంటూ దిగుతుంది. ఎగిరి దూకితే బ్లేడు పక్కకు జారుతుంది, అతుకు దెబ్బతింటుంది. ఒకవైపే వాలు తీసిన బ్లేడైతే చదునైన ముఖం ఉంచుకోవాల్సిన పచ్చిక వైపు, వాలు తీసేయబోయే మట్టి వైపు ఉండాలి. అప్పుడే నిలిచే గోడ నున్నగా వస్తుంది. ప్రతి కొత్త పోటూ పాత పోటు మీద మూడో వంతు పడాలి. 22 సెంటీమీటర్ల బ్లేడుతో ప్రతిసారీ సుమారు 15 సెంటీమీటర్లు జరిగితే చాలు, అంటే మీటరుకు ఏడు పోట్లు. ఇలా ఒకదానిపై ఒకటి పడనిస్తే మధ్యలో పళ్లలాంటి ముక్కలు మిగలవు.

బాట గట్టిదా, వదులుదా అన్నదాన్ని బట్టి లోతు మారుతుంది. కాంక్రీటు, రాతి పలకల బాట అయితే పలక అంచుకు ఒక సెంటీమీటర్ ఎడంగా, 4–5 సెంటీమీటర్ల లోతు కోస్తే సరిపోతుంది. బ్లేడు రాతిని ఒరుసుకుంటే ఒక్క పూటలో పదును పోతుంది. ఇసుక పరుపు మీద పేర్చిన పలకలైతే మరో జాగ్రత్త: పలక మందం కన్నా లోతుగా ఎప్పుడూ తవ్వకూడదు. కింది ఇసుక ఆ సందులోకి జారి, అంచు పలకలు ఒకటొకటిగా కుంగి వాలతాయి. సందు కూడా వేలు పట్టేంత ఉంటే చాలు. ఇంకా వెడల్పయితే కలుపు విత్తనాలు చేరతాయి, మడమ పడి బెణుకుతుంది. లాన్ మట్టం బాట కన్నా ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ ఎత్తులో ఉండటం మంచిది, అప్పుడు గడ్డి కోసే యంత్రం బ్లేడు పలకలకు తగలకుండా అంచు దాకా కోస్తుంది.

గులకరాళ్ల బాటకో పూలమడికో ఆనుకున్న అంచైతే 7–8 సెంటీమీటర్ల లోతు నిలువు గోడ కోసి, అవతలి మట్టిని ఏటవాలుగా లాగేయాలి. ఇసుక నేలలో నిలువు గోడ ఆగదు కాబట్టి అడుగు భాగం 10–15 డిగ్రీలు బయటికి వచ్చేలా కోయాలి. కోసిన గడ్డి పెళ్లల్ని కంపోస్టులో వేస్తే గడ్డి వైపు కిందికి తిప్పి పేర్చండి. గరిక అయితే ముందు ఎండలో పూర్తిగా ఎండనివ్వాలి, పచ్చి కణుపు ఒక్కటి మిగిలినా అది మళ్లీ మొలుస్తుంది.

ఈ పనిముట్టుతో జరిగే నష్టాల్లో పెద్దది లోపలి కోత. బాట మీద నిలబడి లాన్ వైపు చూస్తూ పిడిని తమ వైపు లాగేవాళ్లకు ఇది తప్పదు: పిడి ఇటు వాలితే బ్లేడు మొన అటు, పచ్చిక కిందికి దూరుతుంది. పైకి గీత అందంగానే ఉంటుంది. కింద మట్టి లేదు కాబట్టి నాలుగు వానలకో, యంత్రం చక్రం ఎక్కినప్పుడో అంచు మొత్తం విరిగిపడుతుంది. లాన్ మీద పలకపై నిలబడి బాట వైపు చూస్తూ కోస్తే, పిడి కాస్త మన వైపు వాలినా మొన బయటికే పోతుంది, గోడ అడుగు బలంగా ఉంటుంది.

రెండోది లాన్ తరిగిపోవడం. కోసిన ప్రతిసారీ ఒకటి రెండు సెంటీమీటర్ల పచ్చిక పోతుంది. నెలకోసారి కోస్తే ఏడాదిలో జానెడు వరకు వెనక్కి జరుగుతుంది, బాట పక్కన కాలువలాంటి సందు మిగులుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి దీన్ని దించకూడదని మేం గట్టిగా చెప్పేది అందుకే.

ఎక్కడైనా అంచు విరిగితే ఈ ఎడ్జరే బాగు చేస్తుంది. విరిగిన భాగాన్ని కలుపుకుని దాని చుట్టూ నలుచదరంగా కోసి, 4 సెంటీమీటర్ల మందంతో పెళ్లను పారతో లేపండి. దాన్ని వెనక్కి తిప్పి పెడితే విరిగిన వైపు లాన్ లోపలికి పోతుంది, సరిగ్గా తెగిన వైపు బాటకు వస్తుంది. లోపల మిగిలిన గుంతను మెత్తని మట్టితో నింపి, అదే గడ్డి విత్తనం చల్లాలి లేదా తీగ ముక్కలు నాటాలి. పెళ్లను కాలితో గట్టిగా అదిమి, కుదురుకునేదాకా తడి ఆరనివ్వకూడదు.

గడ్డి రకం కూడా తీర్పును మారుస్తుంది. గరిక, అంటే బెర్ముడా జాతి, నేల మీద తీగలతోనూ నేల లోపలి కాండాలతోనూ పాకుతుంది. పైన కత్తిరించడం ఒక్కటే దీన్ని ఆపదు, పూలమడి వైపు 10 సెంటీమీటర్ల దాకా కోయాల్సి వస్తుంది, అందుకే గరిక లాన్ ఉన్నవాళ్లకు ఎడ్జర్ తప్పనిసరి. జోయిసియా కూడా రెండు దారుల్లోనూ పాకుతుంది కానీ నెమ్మదిగా. సెయింట్ అగస్టీన్ రకం నేల మీది తీగలతోనే విస్తరిస్తుంది. కత్తెరతో తీగలు తెంపుతూ ఉంటే చాలావరకు అదుపులో ఉంటుంది. గుబురుగా పెరిగే టాల్ ఫెస్క్యూకు అంచు దాటే తొందర లేదు, దానికి ఎడ్జర్ ఏడాదికోసారి కూడా అవసరం పడకపోవచ్చు.

ఎడ్జర్ కోసిన గీతను నిలబెట్టేది పొడవు పిడి కత్తెర. బ్లేడ్లు పిడులకు దాదాపు లంబంగా తిరిగి ఉంటాయి కాబట్టి నిలబడే కోయవచ్చు. గడ్డి ఎదిగే కాలంలో లాన్ కోసిన రెండుసార్లకు ఒకసారి దీన్ని వాడితే చాలు. వాడకంలో ఒకే సూత్రం ఉంది: రెండు చేతులూ ఒకేసారి కదపకూడదు. కింది బ్లేడును అంచు గోడకు ఆనించి కదలకుండా ఉంచి, పై బ్లేడు పిడిని మాత్రమే ఆడించాలి. రెండూ ఆడిస్తే ప్రతి కోతకూ ఎత్తు మారి అంచు మెట్లు మెట్లుగా వస్తుంది, భుజాలు కూడా త్వరగా పట్టేస్తాయి. గడ్డి తెగకుండా బ్లేడ్ల మధ్య మడత పడుతుంటే అది ఎప్పుడూ పదును పోవడం వల్లే కాదు, నడిమి బోల్టు వదులై ఉండొచ్చు. బ్లేడ్లు పక్కకు ఊగకుండా, చేతులకు ప్రయాస లేకుండా తెరుచుకునేంత బిగించి, ఒక వార్తాపత్రిక కాగితం కోసి చూడండి. అప్పటికీ మడత పడితే నూరాలి. కొనేటప్పుడు విప్పి బిగించడానికి వీలైన బోల్టు ఉన్నదే తీసుకోండి. రివెట్ వేసినదైతే వదులయ్యాక బాగు చేయలేం.

చక్రం మీద దొర్లే చేతి ఎడ్జర్ కూడా దొరుకుతుంది. ఒక చక్రం బాట మీద నడుస్తుంటే పక్కన నక్షత్రంలాంటి బ్లేడు గడ్డిని కోస్తుంది. బాట గట్టిగా చదునుగా ఉండి, అంచు ముందే కోసి ఉన్న చోట ఇది చురుగ్గా పని చేస్తుంది. గులకరాళ్ల మీద కదలదు. ముదిరిన తీగలు అల్లుకున్న చోట బ్లేడు పైకెక్కి జారిపోతుంది.

నైలాన్ తీగ తిరిగే ట్రిమ్మర్‌ను పక్కకు తిప్పి అంచు కోయడాన్ని మేం సిఫారసు చేయం. 1971లో జార్జ్ బల్లాస్ కార్లు కడిగే యంత్రాల్లో తిరిగే బ్రష్షుల్ని చూసి దీని ఆలోచన చేసింది చెట్ల చుట్టూ, యంత్రం వెళ్లలేని మూలల్లో గడ్డి తీయడానికి. ఆ పనికి అది గొప్ప సాధనం. మట్టిని కోయడం మాత్రం దాని పని కాదు. తీగ గడ్డిని కోయదు, కొట్టి తెంపుతుంది, అందుకే తెగిన కొనలు చిరిగి రెండు మూడు రోజుల్లో గోధుమ రంగుకు మారతాయి. చేయి ఒక్క అంగుళం దిగినా అంచులో గుంత పడుతుంది. రాతి బాటకు తగిలి తీగ త్వరగా అరిగిపోతుంది, గులకరాళ్లు ఎగురుతాయి. వాడక తప్పకపోతే కళ్లకు రక్షణ అద్దాలు, పొడవు ప్యాంటు వేసుకుని, దగ్గర్లో ఎవరూ లేకుండా చూసుకుని, తీగను మట్టిని తాకనివ్వకుండా గడ్డి ఆకుల వరకే వాడాలి.

నిలువుగా తిరిగే ఉక్కు బ్లేడున్న మోటారు ఎడ్జర్ వేరు. పొడవైన కాంక్రీటు బాటలకు, యాభై మీటర్లు దాటిన అంచులకు అది శ్రమ తగ్గిస్తుంది, గీత కూడా బాగా వస్తుంది. మొదటి విడతలో 2 సెంటీమీటర్లు, రెండో విడతలో 4–5 సెంటీమీటర్ల లోతు పెట్టాలి. ఒకేసారి పూర్తి లోతుకు దించితే మోటారు మొరాయిస్తుంది, బ్లేడు కాంక్రీటు మీదికి దూకుతుంది. చిన్న తోటకు, వంపులు ఎక్కువున్న బాటకు అనవసరం.

అంచు పట్టీలు, అంటే లోహపు రేకు, ప్లాస్టిక్, ఇటుక వరుస, ఎడ్జర్‌కు బదులు కాదు, తోడు మాత్రమే. వాటికి కూడా ముందు తిన్నటి కోత కావాలి. ప్లాస్టిక్ ఎండకు వంకర పోయి పైకి తేలుతుంది. వేయాలనుకుంటే లాన్ మట్టానికి సమంగా పరిచిన ఇటుక వరుస మేలు, యంత్రం చక్రం దాని మీద నడుస్తుంది.

ఎడ్జర్ సంరక్షణకు పెద్ద సమయం పట్టదు. పని కాగానే మట్టి గీకేసి, కడిగి, పొడిగా తుడిచి, బ్లేడుకు పలచగా నూనె రాయాలి. చెక్క పిడికి ఏడాదికోసారి గరుకు కాగితం రుద్ది అవిసె నూనె పట్టిస్తే పగుళ్లు రావు. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయకండి, అవిసె నూనె ఆరుతూ వేడెక్కి దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరబెట్టాకే పారేయాలి. బ్లేడును నేలకు ఆనించి నిలబెట్టకుండా గోడకు వేలాడదీయండి, పదును నిలుస్తుంది, చీకట్లో ఎవరి కాలికీ తగలదు.